దేహదానం: రాసిచ్చిన పేరు అవసరమైన రోజున దొరకాలంటే

దేహదానం గురించి మా సంఘం కార్యాలయానికి వచ్చేవారు సాధారణంగా మూడు విషయాలు అడుగుతారు. ఫారం ఎక్కడ దొరుకుతుంది, సాక్షి సంతకాలు ఎవరు పెట్టాలి, కర్మకాండల సంగతి ఏమిటి. ఈ మూడింటికీ జవాబు చెప్పి పంపడం మాకు అలవాటే. సంతకం పెట్టిన ఆ కాగితం తర్వాత ఏ బీరువాలోకి పోతుంది, పదేళ్లు గడిచాక దాన్ని ఎవరు ఎలా వెతుకుతారు అని మాత్రం ఎవరూ అడగరు. మేమూ చాలాకాలం అడగలేదు. మూడేళ్ల కిందట మా సభ్యులొకరి విషయంలో దెబ్బ తిన్నాకే అడగడం మొదలుపెట్టాము.

ఆయన పేరు మార్చి, బాలకృష్ణగారు అనుకుందాము. నాలుగు తరాలుగా తమిళనాట ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పదవీ విరమణ చేసిన ఏడాదే ఒక వైద్య కళాశాలకు దేహదాన అంగీకార పత్రం రాసిచ్చారు. సాక్షిగా సంతకం పెట్టింది మేమే. కాలేజీవారు ఒక చిన్న అట్టకార్డు మీద చేత్తో నంబరు వేసి ఇచ్చారు. ఇల్లు మారినప్పుడు ఆ కార్డు ఎక్కడో పోయింది. పద్నాలుగేళ్ల తర్వాత ఒక తెల్లవారుజామున ఆయన కాలం చేశారు. ఎనిమిది గంటలకు వాళ్లమ్మాయి ఫోను చేసి, "బాబాయిగారూ, కాలేజీలో నాన్నగారి పేరే లేదంటున్నారండీ" అంది.

మేము వెళ్లాము. కౌంటరులో ఉన్న కుర్రవాడు ఓపికగా ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా టైపు చేసి వెతికాడు. రాలేదు. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు, అసలు పుస్తకాలు రికార్డు గదిలో ఉన్నాయి, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారు. దగ్గరి బంధువులు ఇప్పుడు కొత్తగా అంగీకారం రాసిస్తే దేహం తీసుకుంటామని విభాగంవారు మర్యాదగానే చెప్పారు. కానీ పెద్దకొడుక్కి ఈ పని మొదటినుంచీ ఇష్టం లేదు. "నాన్న సంతకం పెట్టిన కాగితం చూపించండి, మారు మాట్లాడను. అది లేకుండా మాత్రం నేను సంతకం పెట్టను" అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు. తండ్రి తరఫున మాట్లాడవలసినది ఆ కాగితమే, అది కనబడలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు శ్మశానంలో దహనం జరిగిపోయింది.

మూడు వారాల తర్వాత పేరు దొరికింది. పాత రిజిస్టరులో తమిళ లిపిలో రాసిన పేరును ఇంగ్లీషులోకి ఎక్కించినవారెవరో "పాలకిరుష్ణన్" అని ఎక్కించారు. నంబరు ఉంది, తేదీ ఉంది, సాక్షిగా మా పేరూ ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అవయవదానం ఫారం వేరు, దేహదానం ఫారం వేరు

ముందు ఒక గందరగోళం తీర్చాలి. అవయవదానం 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం కిందికి వస్తుంది. దాన్ని 2011లో సవరించారు. దానికి నోటో అనే జాతీయ సంస్థ ఉంది. ఫోనులోనే ఆధార్‌తో ప్రతిజ్ఞ నమోదు చేసుకునే వీలుంది. మన పిల్లలు ఆ ప్రతిజ్ఞ చేయించి, "నాన్నగారి పని అయిపోయింది" అనుకుంటున్నారు. అది దేహదానానికి చెల్లదు. 2023 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించిన ప్రభుత్వ లాంఛనాలు కూడా అవయవదాతలకు సంబంధించినవే. ఆభా నంబరు తీసుకున్నంత మాత్రాన కూడా దేహదానం నమోదైనట్టు కాదు.

వైద్య విద్యార్థులు శరీర నిర్మాణం నేర్చుకోవడానికి మొత్తం దేహాన్ని ఇచ్చే దేహదానం రాష్ట్రాల అనాటమీ చట్టాల కింద నడుస్తుంది. బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేసింది, మద్రాసు 1951లో, మైసూరు 1957లో, ఒరిస్సా 1975లో. ఆసుపత్రుల్లోనో జైళ్లలోనో చనిపోయి, ఎవరూ అడగడానికి రాని దేహాలను కాలేజీలకు అప్పగించడం కోసమే మొదట్లో ఇలాంటి చట్టాలు పుట్టాయి. అంటే ఈ రిజిస్టర్లు ఊరూ పేరూ తెలియని మనుషుల కోసం గీసిన గడులతో మొదలయ్యాయి. తెలిసి, కోరి, సంతకం పెట్టి ఇచ్చే మనిషికి ఆ గడులు చాలవు. దేశమంతటికీ ఒకే దేహదాతల జాబితా అన్నది లేదు. ఏ కాలేజీ జాబితా ఆ కాలేజీదే. రాసిచ్చిన కాలేజీ తప్ప పక్క కాలేజీకి మన పేరు తెలియదు.

బతికుండగా ఎంత గట్టిగా రాసిచ్చినా, చివరికి దేహాన్ని తీసుకెళ్లి అప్పగించేది బంధువులే. వాళ్లు వద్దంటే కాలేజీ వచ్చి పట్టుకుపోదు. అందుకే రికార్డు రెండు చోట్ల బలంగా ఉండాలి, కాలేజీలోను, ఇంట్లోను.

దేహం ఇచ్చిన పెద్దల పేర్లు మనకు తెలిసినవే. జ్యోతిబసు 2010 జనవరిలో పోయినప్పుడు దేహం కలకత్తాలోని ఆసుపత్రికి చేరింది. తెలంగాణ సాయుధ పోరాట నాయకురాలు మల్లు స్వరాజ్యం దేహాన్ని 2022 మార్చిలో నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు. మద్రాసులో తెలుగింట పుట్టిన సీతారాం ఏచూరి దేహాన్ని 2024 సెప్టెంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. అలాంటి వారి విషయంలో రికార్డు వెతకవలసిన పని ఉండదు, ఊరంతా సాక్ష్యమే. మనలాంటి వాళ్లకు రిజిస్టరే సాక్ష్యం.

ఒక నంబరు ఎంత దూరం నడవాలి

అంగీకార పత్రం మీద పడే నంబరుతో పని మొదలవుతుంది. ఈ నంబరు పదేళ్లో ఇరవై ఏళ్లో నిద్రపోతుంది. ఆ లోపల దాత ఇల్లు మారవచ్చు, ఫోను మారవచ్చు, సాక్షి చనిపోవచ్చు, మనసు మార్చుకుని రద్దు చేయమని ఉత్తరం రాయవచ్చు. రద్దు చేసుకునే హక్కు దాతకు ఎప్పుడూ ఉంటుంది. ఆ ఉత్తరం కూడా అదే నంబరు కింద చేరాలి. లేకపోతే రద్దు చేసుకున్న మనిషి ఇంటికి "మీ నాన్నగారి దేహం ఎప్పుడు తెస్తారు" అని ఫోను వెళ్తుంది.

మరణం జరిగాక గంటల్లో పని. మన వాతావరణంలో ఫ్రీజరు లేకుండా దేహాన్ని ఎక్కువసేపు ఉంచలేము. కాలేజీవారు చూసేవి: వైద్యుడు ఇచ్చిన మరణ ధ్రువీకరణ, మరణించినవారి గుర్తింపు కార్డు, తెచ్చిన బంధువు గుర్తింపు కార్డు, అంగీకార పత్రం. ఇంట్లో పోయినప్పుడు చివరిగా చూసిన డాక్టరు ఫారం 4ఏ లో మరణ కారణం రాసివ్వాలి. ఆసుపత్రిలో అయితే అది ఫారం 4. పోస్టుమార్టం జరిగినా, పోలీసు కేసు ఉన్నా, హెచ్ఐవి, హెపటైటిస్ లాంటి అంటువ్యాధులు ఉన్నా, దేహం పాడైనా సాధారణంగా తీసుకోరు. నేత్రదానం చేస్తే మాత్రం అడ్డు లేదు. కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి కాబట్టి ముందు నేత్రనిధికి ఫోను చేసి, తర్వాత కాలేజీకి చేయండి.

దేహం తీసుకున్నాక కాలేజీ ఒక స్వీకార పత్రం ఇస్తుంది. దాన్ని జాగ్రత్త చేయండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. మున్సిపాలిటీలో శ్మశానం రశీదు ఏదని అడిగినప్పుడు చూపవలసినది ఈ పత్రమే. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ అక్టోబరు 1 నుంచి నమోదు డిజిటల్ పద్ధతిలోకి వచ్చింది. కాలేజీ పత్రంలో ఉన్న పేరు, మరణ ధ్రువపత్రంలో వచ్చే పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని అక్కడే నిలబడి చూసుకోవాలి. పింఛను, బ్యాంకు, ఇంటి పట్టా, అన్నీ ఆ అక్షరం మీదే నడుస్తాయి.

ఆ తర్వాతది మనం చూడని భాగం. ఎంబామింగ్ చేసి, ఫార్మలిన్ ఉన్న ట్యాంకులోనో చల్లని గదిలోనో ఉంచుతారు. దేహానికి నంబరు పలక కడతారు. విద్యార్థులకు పేరు తెలియనివ్వరు, నంబరే తెలుస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలు చాలా కాలేజీల్లో దేహం ముందు నిలబడి గౌరవంగా చూస్తామని ప్రమాణం చేస్తారు. తర్వాత నెలల తరబడి కోతలు. ఇక్కడే రికార్డుకు అసలు కష్టం: దేహం ఒకటిగా ఉన్నంతవరకు ఒక పలక చాలు, భాగాలు విడివడ్డాక ప్రతి భాగంతోనూ ఆ నంబరు వెళ్లాలి. చివరికి అన్నీ మళ్లీ ఆ నంబరు కిందే చేరి, దహనమో ఖననమో జరిగి, ఆ తేదీ రిజిస్టరులో పడాలి. అప్పటికి గానీ ఆ పేరుకు ఎదురుగా గీత గీయకూడదు.

ఈ ప్రయాణానికి ఏళ్లు పడుతుంది. బెళగావిలో 2010లో ఒక ఆయుర్వేద వైద్యుడు తన తండ్రి కోరిక మేరకు ఆయన దేహాన్ని తానే విద్యార్థుల ముందు కోసి పాఠం చెప్పారు. పత్రికలన్నీ రాశాయి. ఆ తండ్రి పోయింది 2008లో. రెండేళ్లు దేహం భద్రంగా ఉంది, రెండేళ్లూ అది ఎవరి దేహమో తెలుస్తూనే ఉంది. కన్నకొడుకే కాలేజీలో ఉన్నాడు కాబట్టి అక్కడ సందేహం లేదు. కొడుకు లేని చోట ఆ పని పలకా, రిజిస్టరూ చేయాలి.

రికార్డు సడలితే ఏమవుతుందో పెద్ద దేశాల్లోనూ చూశాము. 2004లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ శాఖలో, దేహదాన విభాగం నడిపే ఉద్యోగే దేహభాగాలు అమ్ముకున్నాడని అరెస్టయ్యాడు. ఆ కార్యక్రమాన్నే కొంతకాలం ఆపేశారు. ఆ తర్వాతే అక్కడ దేహాలకు బార్‌కోడులు, రేడియో చిప్పులు పెట్టే ఆలోచన వచ్చింది. బ్రిటన్‌లో అయితే 2004 నాటి చట్టం కింద ఒక నియంత్రణ సంస్థనే పెట్టారు. అక్కడ బోధనకు దేహం ఇవ్వాలంటే బతికుండగా ఆ మనిషే సాక్షి ఎదుట రాసివ్వాలి, పోయాక బంధువులు ఇవ్వడానికి వీల్లేదు. మన దగ్గర బంధువులు ఇవ్వవచ్చు. అందుకే మన దగ్గర ఇచ్చింది దాతా, బంధువా అన్నది కూడా రికార్డులో విడిగా ఉండాలి.

నాలుగు లిపుల్లో ఒక పేరు

మనవంటి కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఇక్కడుంది. హైదరాబాదులోనో గుంటూరులోనో ఉన్నవారికి ఇది అంతగా తగలదు.

తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకు ఒకటే, త, ద లకు ఒకటే. బాలకృష్ణ తమిళంలోకి వెళ్లి ఇంగ్లీషు మీదుగా తిరిగి వస్తే పాలకిరుష్ణన్ కావడంలో ఎవరి తప్పూ లేదు. చివర "న్" వచ్చి చేరడం అక్కడి మర్యాద. పైగా ఇంటిపేరు పోయి తండ్రిపేరు మొదటి అక్షరం పొడి అక్షరంగా మిగులుతుంది. ఒక కుటుంబంలో తాతకు ఇంటిపేరు ఉంటుంది, తండ్రికి ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది, కొడుక్కి తండ్రిపేరు పొడి అక్షరం ఉంటుంది. ముగ్గురూ ఒకే ఇంటివారని ఏ కంప్యూటరూ చెప్పలేదు.

ఒడిశాలో వ, బ ల చిక్కు. వెంకటరావుగారు ఆఫీసు కాగితాల్లో బెంకట రావు అవుతారు, వాసుదేవ బాసుదేబ అవుతాడు. బరంపురం, గంజాం వైపు మనవాళ్లకు ఇది చిన్నప్పటి బడి రిజిస్టరు నుంచే మొదలవుతుంది. వీ అక్షరంతో వెతికితే బీ అక్షరంతో ఉన్న పేరు రాదు.

మహారాష్ట్రలో వరస మారుతుంది. తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెళ్లయిన ఆడవాళ్లకు మధ్యలో భర్త పేరు వస్తుంది. షోలాపూరు, భివండి పద్మశాలీ కుటుంబాల్లో ఒక అమ్మగారికి పుట్టింటి ఇంటిపేరుతో బడి సర్టిఫికెట్టు, అత్తింటి ఇంటిపేరుతో ఆధార్ ఉండటం మామూలు. దేహదానం ఫారం ఏ పేరుతో రాశారో కూతురికి తెలియకపోతే వెతకడం ఎలా?

కర్ణాటకలో లిపి దగ్గరిదే కాబట్టి అక్షరాలు పెద్దగా చెడవు. అక్కడ చిక్కు పొడి అక్షరాల్లోనే. ఊరిపేరు ఒక అక్షరం, తండ్రిపేరు ఒక అక్షరం, ఏది ముందో ఒక్కో కాగితంలో ఒక్కో తీరు.

ఆధార్ కార్డులో సాధారణంగా ఇంగ్లీషుతో పాటు ఆ రాష్ట్ర భాషలో పేరు ఉంటుంది, తెలుగులో ఉండదు. పుట్టినతేదీ మీద ఆధారపడదామా అంటే, మన పెద్దవాళ్లలో ఎంతమందికి కార్డులో జనవరి 1 అని ఉందో ఇంట్లో చూసుకోండి. సర్టిఫికెట్టు లేనివారికి సంవత్సరం అడిగి, తేదీ అలా వేసేశారు.

కాబట్టి కంప్యూటర్ రికార్డులో పేరు అనే గడి ఒక్కటే ఉంటే చాలదు. ఆధార్‌లో ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, రాష్ట్ర భాషలో ఒకటి, పొడి అక్షరాల పూర్తి రూపం, ఇంటిపేరు, వాడుక పేరు, పెళ్లికి ముందు పేరు, ఇవన్నీ వేరు గడులు కావాలి. ఆ పైన ఇద్దరు బంధువుల ఫోను నంబర్లు. పేరు ఎన్ని రూపాలు మార్చినా ఫోను నంబరుకు అన్ని లిపుల్లోనూ ఒకటే రూపం. ఆధార్ మొత్తం అంకెలు అక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు. చివరి నాలుగు మాత్రమే కనబడే ఆధార్ ప్రతిని దించుకునే సౌకర్యం ఉన్నదే. మేము కాలేజీలవారిని కలిసినప్పుడు ఈ గడుల సంగతే అడుగుతాము. కొందరు విన్నారు. కొందరు "సాఫ్ట్‌వేర్ పైనుంచి వచ్చిందండీ, గడి కలపడం మా చేతుల్లో లేదు" అన్నారు. వాళ్లకు మేము చెప్పింది ఒక్కటే: రిమార్కులు అనే గడి ఎక్కడైనా ఉంటుంది కదా, అందులో రాయండి.

కంప్యూటరులో ఎక్కిస్తే సరిపోతుందా

ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్ల మధ్య బతికినవాళ్లం కాబట్టి ఇక్కడ కొంచెం గుమాస్తా చాదస్తం చూపిస్తే పాఠకులు మన్నించాలి.

పాత రిజిస్టరులో తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కొట్టేసింది కూడా చదవడానికి కనబడాలి. కంప్యూటరులో మామూలు ఎక్సెల్ పట్టికలో ఒక పేరు మీద మరో పేరు టైపు చేస్తే మొదటిది పోతుంది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో తెలియదు. మంచి రికార్డు సాఫ్ట్‌వేర్ అంటే ప్రతి మార్పునూ మార్చినవారి పేరుతో, తేదీతో, సమయంతో దాచేది. కాలేజీ వాడేది ఎక్సెల్ పట్టికా, అలాంటి సాఫ్ట్‌వేరా అని అడగడంలో మొహమాటం వద్దు.

రెండోది, టైపు చేసిన వరుస మాత్రమే రికార్డు కాదు. సంతకం ఉన్న అసలు ఫారాన్ని స్కాన్ చేసి ఆ వరుసకు జతచేయాలి, అసలు కాగితాన్ని పారేయకూడదు. బాలకృష్ణగారి విషయంలో ఫారం స్కాన్ చేసి ఉంటే, ఫారాలను తేదీవారీగా తిప్పి చూసైనా గంటలో పట్టుకునేవాళ్లం. ఏ ఏడాది రాసిచ్చారో మాకు గుర్తుంది.

మూడోది, పలకలు. కాగితపు చీటీలు ఫార్మలిన్‌లో నిలవవు, సిరా కరిగిపోతుంది. స్టీలు పలక మీద అచ్చుగుద్దిన నంబరు నిలుస్తుంది. బార్‌కోడు పెట్టినా దాని కింద మనిషి కంటితో చదవగలిగే అంకెలు ఉండాలి. కరెంటు లేని రోజున బార్‌కోడు మీటకు ప్రాణం ఉండదు.

నాలుగోది, బదిలీలు. రికార్డు చూసే ఉద్యోగి రిటైరయ్యేటప్పుడు తాళంచెవులు అప్పగించి సంతకం తీసుకునేవాళ్లం. ఇప్పుడు పాస్‌వర్డు ఒకరి ఫోనులో ఉంటుంది, వారితోపాటే వెళ్లిపోతుంది. నకలు ఇంకో చోట భద్రపరిచారా, దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశారా అన్నవి వేరు వేరు ప్రశ్నలు.

గోప్యత సంగతి చెప్పాలంటే ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ఒక ఏడాది మా సంఘం వాళ్లమే దేహదాతలను అభినందిస్తూ పేర్లు, ఫోను నంబర్లతో జాబితా వాట్సాప్ గుంపులో పెట్టాము. ఇంట్లో అత్తవారికి ఇంకా చెప్పని ఒక సోదరికి దానితో పెద్ద గొడవయింది. ఆమె ఫారం రద్దు చేసుకున్నారు. ఆ తర్వాత మేము ఏ జాబితా బయట పెట్టలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది: తాను మరణించాకగానీ, అశక్తుడయ్యాకగానీ తన సమాచారం మీద హక్కులు వాడుకునే మనిషిని ముందే నామినేట్ చేసుకోవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. దేహదానం ఫారంలో దగ్గరి బంధువు పేరు రాసేటప్పుడు ఈ పని కూడా అతనిదే అని ఒక వాక్యం రాసిస్తే మంచిది. అలాగే, కాలేజీ దేహాన్ని తీసుకోకపోతే కారణం రాసుకుంటుంది. ఆ కారణం ఒక్కోసారి జబ్బు పేరు అవుతుంది. హెచ్ఐవి విషయంలో గోప్యత 2017 చట్టం ప్రకారమే తప్పనిసరి. అది దగ్గరి బంధువుకు గదిలో చెప్పవలసిన మాట, కౌంటరు దగ్గర గట్టిగా చదవవలసిన మాట కాదు.

సరిహద్దుకు అటూ ఇటూ

యానాం వారి సంగతి విచిత్రంగా ఉంటుంది. పాలన పుదుచ్చేరిది, చుట్టూ గోదావరి జిల్లాల నేల. పుదుచ్చేరిలో జిప్మర్ ఉంది గానీ అది 800 కిలోమీటర్ల పైన దూరం. ముప్పై కిలోమీటర్ల దూరంలో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది, అది ఆంధ్రప్రదేశ్. కాబట్టి యానాంలో ఉండేవారు రాసివ్వవలసినది కాకినాడకే. మరణం యానాంలో జరిగితే నమోదు యానాంలోనే, కాకినాడ ఆసుపత్రిలో జరిగితే నమోదు కాకినాడలోనే. ఎక్కడ పోతే అక్కడే నమోదన్నది నియమం. ఇంటి చిరునామాను బట్టి కాదు.

ఇదే చిక్కు పిల్లలు వేరే రాష్ట్రంలో ఉన్న ప్రతి ఇంటికీ ఉంది. బరంపురంలో ఫారం రాసిచ్చిన పెద్దాయన విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉండగా పోవచ్చు, బళ్లారి అమ్మగారు అనంతపురంలో కూతురింట పోవచ్చు, షోలాపూరువారు హైదరాబాదులో పోవచ్చు. అప్పుడు సొంత ఊరి కాలేజీకి తీసుకెళ్లే ప్రయత్నం చేయవద్దు, సమయం సరిపోదు. అక్కడున్న వైద్య కళాశాలకే బంధువులు కొత్తగా అంగీకారం రాసి ఇవ్వవచ్చు. పాత ఫారం నకలు చేతిలో ఉంటే దాత కోరిక ఇదని అక్కడివారికీ, మన ఇంట్లో సందేహించేవారికీ చూపడానికి ఉంటుంది. అప్పగించాక మొదటి కాలేజీకి ఒక ఉత్తరం రాసి అక్కడి నంబరు మూయించాలి.

చివరి గడి

చితాభస్మం ఇస్తారా అన్నది ముందే అడగండి. కొన్ని కాలేజీలు ఇస్తాయి. చాలాచోట్ల అవశేషాలన్నీ కలిపి దహనం చేస్తారు, విడిగా ఇవ్వరు. దాత అభ్యంతరం లేదన్నా, ఇంట్లో అమ్మగారు పుష్కరాలలో కలపాలని మనసులో పెట్టుకుని ఉండవచ్చు. కోరిక ఏదైనా ఫారం వెనుక రాయించి, అది కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో చూడండి. దహనం జరిగిన తేదీని కుటుంబానికి తెలియజేయమని కూడా రాయవచ్చు. అడిగినవారికి ఆ తేదీ చెప్పే కాలేజీ ఉంటే దాని రికార్డు చివరిదాకా నడిచిందని అర్థం.

మా సంఘంలో ఇప్పుడు చేస్తున్నది ఇది. ఫారం రాసిచ్చిన ప్రతి సభ్యుడి పేరునూ తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో ఒకే కాగితం మీద రాసి, కాలేజీ నంబరు, రాసిచ్చిన తేదీ, ఇద్దరు బంధువుల ఫోన్లు చేర్చి, మూడు నకళ్లు తీస్తాము. ఒకటి కాలేజీ ఫారానికి జతచేయమని ఇస్తాము. ఒకటి ఇంట్లో దేవుడి గదిలోనో, రేషను కార్డు పెట్టే చోటో ఉంచమంటాము. బీరువా లాకరులో వద్దు, ఆ రోజున తాళం దొరకదు. మూడోది సంఘం బీరువాలో. ఫారం ఫోటో పిల్లలందరి ఫోన్లలోనూ ఉండాలి, ముఖ్యంగా ఒప్పుకోని బిడ్డ ఫోనులో. ప్రతి సంవత్సరం సంక్రాంతి వెళ్లాక ఒక్కో ఇంటికీ ఫోను చేసి నంబర్లు మారాయేమో కనుక్కుంటాము. రెండేళ్లకోసారి కాలేజీకి వెళ్లి, మా జాబితాలోని ఒక్కో పేరూ వాళ్ల కంప్యూటర్లో మా ఎదుటే వెతికించి చూస్తాము. మొదటిసారి వెళ్లినప్పుడు ఇద్దరి పేర్లు రాలేదు. ఒకరిది పొడి అక్షరం పేరు చివర పడింది, ఇంకొకరిది అసలు ఎక్కించనేలేదు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, కాబట్టి కూర్చోబెట్టి సరిచేయించాము.

ఈ కాగితం నమూనా కావలసిన ఇతర ఊళ్ల సంఘాలవారు అడిగితే పంపుతాము. కన్నడ, ఒడియా, మరాఠీ గడులు ఆయా చోట్ల సంఘాలవారే చేర్చుకోవాలి. మాకు ఆ లిపులు రావు, మేము రాస్తే మళ్లీ పాలకిరుష్ణన్ కథే అవుతుంది.